ఎడమ చెంప మీద పుట్టుమచ్చ

1981వ సంవత్సరం. ఉస్మాన్‌గంజ్‌లో ఒక హోల్‌సేల్ దుకాణం మీద, మొదటి అంతస్తులో రెండు గదుల ట్రావెల్ ఆఫీసు. కింద మిరపకాయ బస్తాలు దింపిన రోజు పైన మేమందరం తుమ్ముతూ పనిచేసేవాళ్లం. వచ్చేవాళ్లు కూడా తుమ్ముతూనే మెట్లెక్కేవాళ్లు. మా యజమాని కరీం సాబ్ కుర్చీ చూపించి, "బైఠియే, కూసోండ్రి, రెండు నిమిషాల్ల అలవాటైతది" అనేవారు.

నేను చేరి అప్పటికి ఆరు నెలలు. బి.ఎ. చదివాను, టైపు లోయర్ పాసయ్యాను. మా ఆయన పనిచేసే కంపెనీ మూతపడడంతో నేను పనిలోకి రావలసి వచ్చింది. బాబుకు ఏడాదిన్నర. సైదాబాద్‌లో అత్తమ్మ దగ్గర వాణ్ని వదిలి పొద్దున బస్సెక్కేదాన్ని. బస్సు కదిలేదాకా వాడి ఏడుపు వినబడుతూనే ఉండేది. ఎనిమిదింటికి పాలు తాగాడో లేదో, గడప దాటి రోడ్డు మీదికి పోయాడో ఏమో అని సాయంత్రం దాకా ఒకటే ఫికర్.

ఆ రోజుల్లో పాతబస్తీలో ప్రతి గల్లీ నుంచి ఎవరో ఒకరు గల్ఫ్‌కు పోతున్నారు. ముందు మగవాళ్లు పోయేవారు. మంచి పని దొరికి, కంపెనీ క్వార్టర్ ఇస్తే, రెండు మూడేళ్లకు భార్యాపిల్లలను పిలిపించుకునేవారు. వాళ్ల పాస్‌పోర్ట్ దరఖాస్తులు నింపడం నా పని.

ఒళ్లో పిల్లకు కూడా కాగితం కావాలా అని చాలామంది అడుగుతారు. కావాలి. అందుకు రెండు దారులు. తల్లి పాస్‌పోర్ట్‌లోనే పిల్ల పేరు ఎక్కించడం ఒకటి, దాన్ని ఎండార్స్‌మెంట్ అంటాం. అయితే ఆ పిల్ల తల్లితో తప్ప ఇంకెవరితోనూ ప్రయాణం చేయడానికి వీల్లేదు. రేపు మేనమామతోనో నాయనమ్మతోనో పంపాల్సి రావచ్చు అనుకునేవాళ్లు పిల్లకు విడిగా పాస్‌పోర్ట్ తీసుకుంటారు. విడిగా తీసుకుంటే పెద్దవాళ్లకు ఉన్న గళ్లన్నీ పిల్లకూ ఉంటాయి. ఎత్తు, కళ్ల రంగు, జుట్టు రంగు, చివరగా విజిబుల్ మార్క్స్, అంటే పైకి కనిపించే గుర్తులు.

ఈ చివరి గడితోనే లొల్లి. పిల్లకు ఏమైనా మచ్చ ఉందా అని అడగడమే ఆలస్యం, తల్లులు అక్కడే పిల్ల చొక్కా విప్పేసేవారు. వీపు మీద ఒకటుందని తల్లి, కాదు అది చీమ కుట్టిందని నాయనమ్మ. ఒకసారి ఇద్దరు వదినా మరదళ్లు తొడ మీది మచ్చ తేనె రంగా నలుపా అని పావుగంట వాదించుకున్నారు. పదకొండు గంటలకు మా మనిషి దరఖాస్తుల కట్ట తీసుకుని పాస్‌పోర్ట్ ఆఫీసుకు బయల్దేరతాడు. ఆలోపు అన్నీ అయిపోవాలి. "కనవడేటివి చాలు బేటీ, మొకం, చేతులు, అంతే" అన్నారు కరీం సాబ్. దాంతో నేనొక పద్ధతి పట్టుకున్నాను. పిల్లల విషయంలో అడగడం మానేశాను. దరఖాస్తుకు గుచ్చిన ఫొటో చూసి ఆ గడి నింపేదాన్ని. పని చకచకా సాగింది. "మా మేడం చెయ్యి మిషన్" అని కరీం సాబ్ వచ్చినవాళ్ల ముందు మెచ్చుకునేవారు. నాకు గర్వంగా ఉండేది.

బాలమణి వచ్చిన రోజు కింద మిరపకాయలు దింపుతున్నారు. జహనుమా నుంచి తమ్ముడు మల్లేశ్‌తో వచ్చింది. వాళ్లకు పాడి బర్రెలున్నాయి. పొద్దున పాలు పోసే పని ముగించుకుని, అదే సైకిల్ మీద అక్కను ఎక్కించుకుని వచ్చాడు మల్లేశ్. ఆమె భర్త నర్సింలు మస్కట్‌లో ఏసీ మెకానిక్. కూతురు మంజుల మూడు నెలల పిల్లగా ఉన్నప్పుడు వెళ్లాడు. ఇప్పుడు ఆ పిల్లకు ఏడాదిన్నర దాటింది, మా బాబు వయసే. కంపెనీ క్వార్టర్ ఇచ్చిందని, ఇద్దరికీ విడివిడిగా పాస్‌పోర్ట్‌లు తీయమని ఉత్తరం రాశాడు.

పిల్ల ఘాటుకు తాళలేక ఏడుస్తోంది. తల్లి భుజంలో ముఖం దాచుకుంది. నాకు కనిపించినవి రెండు పిలకలూ, ఒక వెండి కడియమూ. బాలమణి నా బల్ల మీదికి వంగి తన దరఖాస్తు మీద తెలుగులో సంతకం చేసింది. నాలుగక్షరాలకు చాలాసేపు పట్టింది.

"అక్షరాలు మంచిగున్నయా మేడం? పదిహేను దినాలాయె నేర్వవట్టి. మా తమ్ముడు పాల లెక్క రాసే పలక మీద దిద్దిపిచ్చిండు" అంది.

"అక్క రాసినంత సేపట్ల రెండు బర్రెల పాలు పిండొచ్చు మేడం" అన్నాడు మల్లేశ్.

నేను నవ్వాను. తలెత్తకుండానే నవ్వాను. అప్పటికి పదిన్నర దాటింది. మంజుల ఫొటోలో ఎడమ చెంప మీద గుండ్రంగా, నల్లగా, స్పష్టంగా ఒక మచ్చ ఉంది. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ అని ఇంగ్లిష్‌లో టైపు చేసి, కాగితం లాగి కట్టలో పెట్టాను.

మూడు నెలలకు పాస్‌పోర్ట్‌లు వచ్చాయి. తర్వాత వీసా వచ్చింది. టికెట్లు కూడా మా ఆఫీసులోనే తీశారు. మస్కట్ విమానం బొంబాయి నుంచి. మల్లేశ్ బొంబాయి దాకా వెళ్లి ఎక్కించి వస్తానన్నాడు. బాలమణి కోవా తెచ్చి మా అందరికీ పంచి వెళ్లింది.

ఐదో రోజు పొద్దున మెట్ల మీద తుమ్ము వినిపించింది. తలెత్తితే బాలమణి. భుజాన పిల్ల, వెనక సూట్‌కేసుతో మల్లేశ్. ఆమె నా దగ్గరికి రాలేదు, నేరుగా కరీం సాబ్ ఎదురుగా కూర్చుంది. గది చిన్నది, అన్నీ నాకు వినిపించాయి.

"బొంబాయిల లైన్ల నిలవడ్డ సాబ్. పిల్ల నిద్రవోతుండె. ఆడ కూసున్నాయన పాస్‌పోర్ట్ చూసిండు, పిల్లను చూసిండు. మొకం ఇటు తిప్పుమన్నడు, తిప్పిన. అటు తిప్పుమన్నడు, తిప్పిన. చెంప మీద తిల్ ఏదన్నడు. తిల్లేంది సాబ్, నా పిల్లకు పుట్టుమచ్చే లేదన్న. ఫొటో చూపెట్టిండు. అది కాటుక చుక్క సాబ్, ఫొటో దిగితె నజర్ తగుల్తదని జెర పెద్దగ పెట్టిన అన్న. మరి కాగితం మీద పుట్టుమచ్చ అని ఎందుకు రాసిచ్చినవ్ అన్నడు. ఏం రాసున్నదో నాకేం ఎర్క?"

ఆగి, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"సంచిల కాటుక డబ్బి ఉండె. తీసి పిల్ల చెంపకు చుక్క పెట్టిన. గిప్పుడు సూడుండ్రి సాబ్, ఫొటోల పిల్లే గదా అన్న. గప్పుడు ఇంకింత లొల్లైంది. ఆయన పక్కాయనను పిలిచి చూపెట్టి నవ్విండు. చుక్క ఏ పిల్లకు పెట్టినా ఫొటోల పిల్లె అయితదమ్మా, ఈ పిల్ల ఎవ్వరిదో నిజం చెప్పు అన్నడు. ఇమానం పోయింది. నా పిల్ల నాది గాదంటున్నరు సాబ్. దానికి నేనేం సబూతియ్యాలె?"

పుట్టుమచ్చ అన్న మాట దగ్గరే నాకు అంతా అర్థమైపోయింది. ఆ చుక్క నాకు తెలియనిదా? ప్రతి పొద్దున నేను బాబు ఎడమ చెంపకు అలాంటిదే పెట్టి బస్సెక్కుతాను. ఫొటోలో చుక్కను చూసి కాటుక అని పోల్చుకోవడానికి బి.ఎ. అక్కర్లేదు, ఒక పిల్లకు తల్లయితే చాలు. అయినా పోల్చుకోలేదు. ఎందుకంటే ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు నా ముందున్నది పిల్ల కాదు, గడి.

కరీం సాబ్ మా ఫైల్లో ఉన్న కార్బన్ కాపీ తీసి నా బల్ల దగ్గరికి వచ్చారు. కోపంగా లేరు. అది బాగా గుర్తుంది.

"బేటీ, ఈ తిల్ ఆమె చెప్పిందా, నువ్వు రాసినవా? జెర యాది చేస్కో. మన గల్తీ అయితే మన లెటర్‌హెడ్ మీద చిట్ఠీ ఇస్తా, టైపింగ్ గల్తీ అని. నేనే తీస్కపోత, వారంల పని అయితది. వాళ్లు చెప్పింది అయితే మాత్రం అఫిడవిట్ గావాలె, మళ్ల పోలీస్ ఎంక్వైరీ. చానా దినాలు పడ్తయ్. వీసా నెలాఖరు దాంకనే ఉన్నది. అది దాటితే ఆ క్వార్టర్ ఇంకోనికి పోతది."

అంటే నిజం చెప్తే ఏమవుతుందో, అబద్ధం చెప్తే ఏమవుతుందో ముందే వివరంగా చెప్పారు. తెలియక చేశాను అనుకునే వీలు కూడా నాకు మిగల్లేదు.

నాకు ముందున్న టైపిస్టు ఒక పుట్టినతేదీ తప్పు కొట్టి ఉద్యోగం పోగొట్టుకున్నాడని ఆఫీసులో అనుకునేవారు. నాకు అదే గుర్తొచ్చింది. ఖాళీగా వాకిట్లో కూర్చున్న మా ఆయన గుర్తొచ్చాడు. బాబు పాల సీసా గుర్తొచ్చింది.

"ఆమే చెప్పింది సాబ్" అన్నాను.

నేను బాలమణి వైపు చూడలేదు. ఆమె కాదంటుందని, నువ్వు అడగనేలేదు కదా అంటుందని కాచుకుని కూర్చున్నాను. అలా అని ఉంటే ఒప్పుకునేదాన్ని, ఆ మాట నిజం. ఆమె కరీం సాబ్ వైపు తిరిగింది.

"నేనే అన్ననేమో సాబ్. ఆ దినం పిల్ల మస్తు ఏడుస్తుండె, నా సోయిల నేను లేను. చదువుకున్నామె ఉత్తగ రాస్తదా?"

అఫిడవిట్ అంటే నోటరీ ముందు ప్రమాణం చేసి ఇచ్చే కాగితం. దాన్ని టైపు చేయాల్సింది నేనే. నా కుమార్తెకు ఎడమ చెంపపై పుట్టుమచ్చ ఉన్నదని నా అజ్ఞానం వలన తప్పుడు సమాచారం ఇచ్చితిని, అందుకు చింతించుచున్నాను అని బాలమణి పేరు మీద, ఇంగ్లిష్‌లో, మూడు ప్రతులు. మామూలుగా ఒక్క అక్షరం తప్పు పడని నాకు ఆ రోజు రెండు కాగితాలు పాడయ్యాయి.

సంతకానికి ముందు ఆమె నా చేతి మీద చెయ్యి పెట్టి ఆపింది.

"ఏం రాసిన్రో జెర చదువుండ్రి మేడం. ఈసారన్న నాకు ఎర్కుండాలె."

ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. తప్పుడు సమాచారం అన్నచోట గబగబా చదివేశాను.

"అజ్ఞానమంటే ఏంది మేడం?"

"తెలియకపోవడం."

"నిజమే, తెల్వకనే అయింది" అని, మళ్లీ అంత నెమ్మదిగా, అంత శ్రద్ధగా నాలుగక్షరాలూ రాసింది. మూడు ప్రతుల మీదా రాసింది. మల్లేశ్ ఈసారి ఏ హాస్యమూ ఆడలేదు.

ఎంక్వైరీకి జహనుమాకు కానిస్టేబుల్ వెళ్లాడు. అనుమానం వచ్చిన కేసు కాబట్టి ఇంట్లో అడిగి సరిపెట్టలేదు. అటు నాలుగిళ్లు, ఇటు నాలుగిళ్లు తిరిగి అడిగాడు. ఆ సంగతి మల్లేశ్ వచ్చి చెప్పాడు, నాకే చెప్పాడు, వాళ్ల పని మీద తిరుగుతున్నది నేనే అనుకుని.

"ఈ పిల్ల ఈమెకే పుట్టిందా, మీరు చూసిన్రా అని అందర్ని అడిగిండు మేడం. అందరు మంచిగనే చెప్పిన్రు. గనీ పాలకొచ్చేటోళ్లు ఇప్పుడు మా మంజులను కొత్తగ చూస్తున్నరు. మా అక్క బయటికి ఎల్తలేదు. జెర తొందరగ అయ్యేటట్టు చూడుండ్రి."

చూస్తానన్నాను. నేను చేయగలిగింది ఒకే ఒకటి, లేచి నాలుగడుగులు వేసి పక్క గదిలోకి పోయి నిజం చెప్పడం. ఆ నాలుగడుగులు రోజూ పొద్దున బస్సులో మనసులో వేసేదాన్ని. ఆఫీసుకొచ్చాక మిషన్ మీద గుడ్డ తీసి పనిలో పడేదాన్ని. గోడ మీద క్యాలెండర్ నా ఎదురుగానే ఉండేది. ఇరవై పోయింది, ఇరవై రెండు పోయింది. ఇరవై ఐదు నాడు చెప్పేద్దామని లేచాను కూడా. కరీం సాబ్ దగ్గర ఎవరో ఉన్నారు. తిరిగొచ్చి కూర్చున్నాను. అవతలివాళ్లు వెళ్లిపోయాక మళ్లీ లేవలేదు.

ఇరవై ఎనిమిదిన సరిచేసిన పాస్‌పోర్ట్ వచ్చింది. మర్నాటి విమానానికి కరీం సాబ్ ఎవరెవరినో పట్టుకుని సీటు సంపాదించారు. కబురు పంపితే గంటలో బాలమణి వచ్చేసింది.

ఆ రోజు అత్తమ్మకు జ్వరం. బాబును వెంట తెచ్చి నా బల్ల పక్కన ఖాళీ డబ్బాలతో కూర్చోబెట్టాను. మంజులను కిందికి దించగానే తిన్నగా వాడి దగ్గరికి పోయింది. అప్పుడే మొదటిసారి ఆ పిల్ల ముఖం సరిగ్గా చూశాను. రెండు చెంపలూ బోసిగా ఉన్నాయి. పిలకలు వేసి, పౌడరు రాసి, చుక్క లేకుండా తెచ్చారు.

"పెడ్తలేను మేడం" అంది బాలమణి, నా చూపు పసిగట్టి. "నజర్ తగిల్తె తగలనీ. వాళ్ల నాయినను చేరెదాంక పెట్ట."

అంటూనే మా బాబును చూసింది. వాడి ఎడమ చెంప మీద పొద్దున నేను పెట్టిన చుక్క, గుండ్రంగా, నల్లగా. ఆ చుక్కను చూసింది. బల్ల మీది దరఖాస్తులను, వాటికి గుచ్చిన ఫొటోలను చూసింది. తర్వాత నన్ను చూసింది.

"మీరు గూడ పెడ్తరా మేడం" అంది.

"పెడతాను."

ఆమె పాస్‌పోర్ట్‌లు కొంగులో చుట్టి బొడ్లో దోపుకుంది. పిల్లను ఎత్తుకుంది. మెట్ల దాకా పోయి వెనక్కి తిరిగింది.

"ఇమానమెక్కే దినం తుడువుండ్రి" అంది.

వెటకారంగా అన్లేదు. తోటి తల్లికి ఒక జాగ్రత్త చెప్పినట్టే అంది. ఆమెకు తెలిసిపోయిందా, లేదా అని ఈ మూడేళ్లలో ఎన్నిసార్లు ఆలోచించానో చెప్పలేను. తెలియలేదు అనుకున్న రోజు సిగ్గు ఎక్కువగా ఉంటుంది.

ఆమె క్షేమంగా చేరింది. నర్సింలు కరీం సాబ్‌కు ఉత్తరం రాశాడు. ఎలాగూ వెళ్లింది కదా, ఏం నష్టం జరిగింది అని నాకు నేను చెప్పుకుని చూశాను. చుట్టుపక్కల ఎనిమిదిళ్ల ముందు నువ్వే కన్నావా అని విచారణ జరిగిన తల్లిని ఆ మాట ఎక్కడ పెట్టి ఓదార్చను? ఇంకో సంగతి కూడా తర్వాత తెలిసింది. నాకు ముందున్న టైపిస్టును ఎవరూ తీసేయలేదు. తనే మానేసి దుబాయ్ పోయాడు. పుట్టినతేదీ తప్పు నిజమే, దానికి కరీం సాబ్ చిట్ఠీ రాసిచ్చి సరిచేయించారు. నేను దేనికైతే భయపడి అబద్ధం చెప్పానో అది అసలు జరగనే లేదు.

ఇప్పుడు నా పద్ధతి వేరు. పిల్లను నా బల్ల మీదే కూర్చోబెడతాను. తల్లిని అడిగి, తడి గుడ్డతో చుక్క తుడిచి, ముఖం రెండు వైపులా చూసి, అప్పుడు ఫొటో చూస్తాను. నింపినదంతా తెలుగులోనో దక్కనీ ఉర్దూలోనో చదివి వినిపించాకే సంతకం అడుగుతాను. పదకొండు గంటల కట్టలో ఇప్పుడు దరఖాస్తులు తక్కువగా పోతున్నాయి. మేడం చెయ్యి నెమ్మదించింది అని కరీం సాబ్ అంటారు. మనిషి ఎదురుగా ఉండగా ఆ మనిషి గురించి కాగితాన్ని అడగకూడదని ఈ కేసు నాకు నేర్పింది. తప్పు టైపు చేయడం పొరపాటు, దాన్ని ఇంకొకరి పేరు మీద టైపు చేయడం పొరపాటు కాదని కూడా నేర్పింది.

బాబు పడుకున్నాక ఇది రాస్తున్నాను. నూనె చేత్తో వాడి చెంప మీది చుక్క తుడిచి వచ్చి కూర్చున్నాను. ఆ అఫిడవిట్ కార్బన్ కాపీ నా దగ్గరే ఉంది, రాస్తూ పక్కన పెట్టుకున్నాను. ఇది అచ్చయినా కరీం సాబ్ చదవలేరు, ఆయనకు తెలుగు మాటే వచ్చు, చదవడం రాదు. ఇంత ధైర్యంగా రాయగలుగుతున్నది అందుకేనేమో. కాబట్టి ఈ కాగితాలు రేపు ఆఫీసుకు తీసుకుపోవాలి, ఆయన ఎదుట కూర్చుని నేనే చదివి వినిపించాలి. ఆ గదికి నా బల్ల నుంచి ఇప్పటికీ నాలుగే అడుగులు.